ఒక సెంటులో నూరో వంతు

అమెరికా పేపర్లలో వచ్చే కిరాణా కూపన్ ఒకటి తీసుకుని, కింద చీమంత అక్షరాల్లో ఉన్నది చదివితే ఒక వింత వాక్యం కనిపిస్తుంది. దీని నగదు విలువ సెంటులో నూరో వంతు అని. అదే కాగితం మీద పైన బొద్దు అక్షరాల్లో ‘ఒక డాలర్ తగ్గింపు’ అని ఉంటుంది. సబ్బు కొంటే అది డాలరు. సబ్బు వద్దు, డబ్బులే ఇమ్మంటే అలాంటివి వంద పోగేసి తెచ్చినా ఒక్క సెంటు.

రెండు విలువల మధ్య తేడా పదివేల రెట్లు. ఆ తేడాని పూడ్చేది సబ్బు కంపెనీ దయ అయితే కాదు. ఆదివారం పేపర్ తిరగేసి, కత్తిరించి, గడువు తేదీ చూసుకుని, సంచీలో పెట్టుకుని, షాపులో సరిగ్గా ఆ రకం, ఆ సైజు వెతికి, బిల్లు వేసేటప్పుడు మర్చిపోకుండా తీసి ఇచ్చిన మనిషి పని. కూపన్ కథని ధరల చరిత్రగా చదవొచ్చు, ప్రకటనల చరిత్రగా కూడా చదవొచ్చు. నాకు మాత్రం అది ఇల్లు నడిపేవాళ్ల సమయానికి కంపెనీలు రేటు కట్టిన చరిత్రలా కనిపిస్తుంది. ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చిందో ఆ కోణంలోంచి చూద్దాం.

బేరం పోయింది, కూపన్ వచ్చింది

కూపన్ ఫ్రెంచి మాట. కత్తిరించడం అనే అర్థమున్న క్రియ నుంచి పుట్టింది. పాతకాలంలో బాండు కాగితానికి అంచున చిన్న చిన్న ముక్కలుండేవి. వడ్డీ రావలసినప్పుడల్లా ఒక ముక్క కత్తిరించి బ్యాంకులో ఇచ్చేవాళ్లు. బాండు మీద వడ్డీని ఇప్పటికీ కూపన్ రేటు అంటున్నది అందుకే. అంటే ఈ మాట ముందు డబ్బున్నవాళ్ల ఇళ్లలో పుట్టి, తర్వాత వంటింట్లోకి వచ్చింది.

వంటింట్లోకి వచ్చిన కాలం కూడా గమనించాలి. అంతకుముందు కొట్లో ధర అంటే బేరమే. మనకిది కొత్తేం కాదు. ఒకే వంకాయలు ఒకరికి ఒక రేటు, గట్టిగా అడిగినావిడకి ఇంకో రేటు, ఆపైన కొసరు. పందొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి అమెరికాలో జాన్ వానమేకర్ లాంటి పెద్ద దుకాణదారులు వస్తువు మీద చీటీ అంటించి, ఎవరికైనా ఇదే ధర అన్నారు. బేరమాడే శ్రమ తప్పింది. కానీ వ్యాపారికి ఒక సౌకర్యం కూడా పోయింది. ఎవరు ఎంత ఇవ్వగలరో మొహం చూసి లెక్కేసే వీలు పోయింది. సరిగ్గా ఆ ఖాళీలోకే కూపన్ వచ్చింది. నోరు విప్పకుండా ఆడే బేరం అది.

మొదటి అడుగు కోకకోలాది. అట్లాంటాలో 1886లో పుట్టిన ఆ పానీయం గ్లాసు ఐదు సెంట్లు. తర్వాత ఏడాది రెండేళ్లలోనే, ఒక గ్లాసు ఉచితం అని రాసిన చీటీలు బయటికొచ్చాయి. ఆసా క్యాండ్లర్ కంపెనీ చేతిలోకి తీసుకున్నాక వాటిని ఊరూరా పంచాడు. 1894 నుంచి 1913 మధ్య అలా 85 లక్షల గ్లాసులు ఉచితంగా తాగించారని అంచనా. ఆ చీటీ అసలు ఉద్దేశం పొదుపు కాదు, రుచి చూపించడం. ఒకసారి తాగినవాడు రెండోసారి ఐదు సెంట్లు పెట్టి తాగుతాడని లెక్క.

కిరాణా సరుకు ధర తగ్గించే చీటీ 1890ల చివర సి.డబ్ల్యూ. పోస్ట్ చేతుల మీదుగా వచ్చింది. ఆయన అమ్మింది గ్రేప్ నట్స్ అనే పొద్దుటి ఫలహారం. తగ్గింపు ఒక్క సెంటు. ఇది ఉచితం కాదన్నది గమనించండి. జనం తెలియని కొత్త తిండిని ఇంటికి పట్టుకెళ్లడానికి ఇచ్చిన చిన్న సాకు. ఉచిత గ్లాసు దారిన పోయేవాడి కోసం. సెంటు తగ్గింపు నెలవారీ సరుకులు కొనే ఇల్లాలి కోసం.

ఆకుపచ్చ స్టాంపులు

ఆ దశాబ్దంలోనే ఇంకో పాయ కూడా మొదలైంది. 1896లో థామస్ స్పెర్రీ, షెల్లీ హచిన్సన్ అనే ఇద్దరు ఒక కంపెనీ పెట్టారు. వీళ్లు ఆకుపచ్చ స్టాంపులు ముద్రించి దుకాణాలకి అమ్మేవాళ్లు. దుకాణదారు వాటిని కొన్న సరుకు విలువని బట్టి గిరాకీలకి ఇచ్చేవాడు. ఇంటికెళ్లి వాటిని నాలుకతో తడిపి పుస్తకంలో అంటించాలి. పుస్తకాలు నిండాక కంపెనీ కేంద్రానికి తీసుకెళ్తే టోస్టరో, దీపపు స్టాండో ఇచ్చేవాళ్లు. 1960లలో ఈ ఎస్ అండ్ హెచ్ కంపెనీ, అమెరికా తపాలా శాఖ కన్నా మేమే ఎక్కువ స్టాంపులు ముద్రిస్తున్నామని చెప్పుకుంది.

మొదట్లో చెప్పిన సెంటులో నూరో వంతు వాక్యం ఈ స్టాంపుల పుణ్యమే. నింపిన పుస్తకాలు చెల్లవని కంపెనీలు చేతులెత్తేస్తే జనం గతేంటని, కొన్ని రాష్ట్రాలు ఇలాంటి చీటీలకి ఏదో ఒక నగదు విలువ ఉండాలని చట్టాలు చేశాయి. కంపెనీలు చట్టాన్ని పాటించాయి, అతి తక్కువ అంకె వేసి. స్టాంపుల కాలం పోయింది గానీ ఆ వాక్యం కూపన్ల మీద అలాగే ఉండిపోయింది. పాత సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ తీసేయడానికి సాహసించని కోడు లైన్ లాంటిది.

అందరూ స్టాంపుల వెంట పడలేదు. ఏ అండ్ పీ అనే పెద్ద గొలుసు దుకాణాల సంస్థ 1912లో ఎకానమీ స్టోర్లు తెరిచింది. జాన్ హార్ట్‌ఫర్డ్ ఆలోచన అది. అరువు లేదు, ఇంటికి పంపడం లేదు, స్టాంపుల్లేవు, బహుమతుల్లేవు. ఆ ఖర్చులన్నీ తీసేసి అందరికీ ధర తగ్గించాడు. ఇక్కడి నుంచి కిరాణా వ్యాపారంలో రెండు దారులు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి అందరికీ ఒకే తక్కువ ధర. రెండోది పైకి ఎక్కువ ధర రాసి, కష్టపడినవాళ్లకి మాత్రం తగ్గించడం. మన దగ్గర ఈ రెండూ చాలా ఆలస్యంగా, దాదాపు ఒకేసారి వచ్చాయి. 2002లో మొదలైన డీమార్ట్ మొదటి దారిది. 2006 జనవరి 26న బిగ్ బజార్ ‘అందరికన్నా చవక రోజు’ అని ప్రకటిస్తే జనం విరగబడటం రెండో దారిది. అక్కడ పెట్టిన ధర కత్తెర పని కాదు, సెలవు రోజున క్యూలో నిలబడ్డ గంటలు.

స్టాంపు ఇంకో రకంగా వాడిన రోజులు

1916లో మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ అనే దుకాణం తెరిచి, గిరాకీ తనే బుట్ట పట్టుకుని సరుకు తీసుకునే పద్ధతి పెట్టాడు. 1930లో న్యూయార్క్‌లో మైఖేల్ కలెన్ పెట్టిన కింగ్ కలెన్‌తో సూపర్ మార్కెట్ యుగం మొదలైంది. కూపన్‌కి ఇది మలుపు. అంతకుముందు ఏ సబ్బు మంచిదో కౌంటర్ వెనక ఉన్న శెట్టిగారు చెప్పేవాడు. ఇప్పుడు అరల మధ్య కొనేవాళ్లు ఒంటరి. కంపెనీ నేరుగా వాళ్లతో మాట్లాడాలి. కూపన్ అలా మాట్లాడే ఉత్తరం అయింది. పైగా అవి ఆర్థిక మాంద్యం రోజులు. సెంటు సెంటుకీ లెక్క.

ఆ తర్వాత యుద్ధం వచ్చింది. 1942 మేలో అమెరికా ప్రభుత్వం మొదటి రేషన్ పుస్తకం పంచింది. ముందు చక్కెర, ఆ ఏడాది చివరికి కాఫీ, 1943లో డబ్బా తిండికి నీలం స్టాంపులు, మాంసానికి, కొవ్వులకి ఎర్ర స్టాంపులు. పసిపిల్లలకీ సొంత పుస్తకమే. ప్రతి సరుకుకీ డబ్బుతో పాటు పాయింట్లు. సరఫరాని బట్టి పాయింట్లు మారేవి. ఇల్లాలు రెండు రకాల కరెన్సీతో ఒకేసారి లెక్కలు కట్టేది. చక్కెర రేషన్ 1947 దాకా సాగింది.

ఆ రోజుల్లో సరుకు నిల్వ పెట్టడం మీద చూపు కూడా మారింది. అవసరానికి మించి పోగేస్తే దేశద్రోహం లాంటి తప్పు. 1943లో రెండో పుస్తకం కోసం పేరు నమోదు చేసుకునేటప్పుడు ఇంట్లో ఎన్ని డబ్బాలున్నాయో, ఎంత కాఫీ ఉందో చెప్పాలి. పరిమితి దాటితే ఆ మేరకు స్టాంపులు చింపేసి ఇచ్చేవాళ్లు. పెరట్లో పండించిన టమాటాలు సీసాల్లో పెట్టుకుంటే మాత్రం దేశభక్తి. రెండూ నిల్వలే. ఒకటి పక్కవాడి వాటాలోంచి తీసింది, రెండోది ఎవరి వాటానీ తగ్గించనిది.

యుద్ధకాలంలో రేషన్ మనకీ వచ్చింది. ‘కంట్రోలు’ అనే మాట మన ఊళ్లలో చౌక దుకాణానికి పేరుగా మిగిలింది. కంట్రోలు బియ్యం, కంట్రోలు కిరసనాయిలు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం అన్నది ఆ దుకాణాల ద్వారానే. పైకి రెండూ కాగితం చూపించి తక్కువ ధరకి కొనడమే. కానీ రేషన్ కార్డు నీకు ఈ వాటా దక్కాలి అంటుంది. కూపన్ మాత్రం నువ్వు ఎంత కష్టపడతావో చూస్తా అంటుంది. రేషన్ కార్డు కూడా మనిషిని లైన్లో నిలబెడుతుంది, నిజమే. కానీ లైన్లో నిలబెట్టడం దాని లోపం. కూపన్‌కి అదే ప్రాణం.

కత్తెర ఎందుకు కావాలి

యుద్ధం తర్వాత కూపన్ పరిశ్రమ అయింది. 1957లో నీల్సన్ సంస్థ కూపన్ల లెక్కలు తేల్చే కేంద్రం పెట్టింది. దీని వెనక పని ఆసక్తిగా ఉంటుంది. మనం ఇచ్చిన చీటీని షాపు దాచి, మూటగట్టి ఇలాంటి కేంద్రానికి పంపుతుంది. అక్కడ కంపెనీల వారీగా వేరుచేస్తారు. చాలా కాలం ఈ పని సరిహద్దు దాటి మెక్సికోలో చేతులతో జరిగింది. కంపెనీ షాపుకి కూపన్ విలువతో పాటు, శ్రమకి కొన్ని సెంట్లు అదనంగా ఇస్తుంది. ఈ చిన్న కాగితాన్ని ముట్టుకున్న ప్రతి ఒక్కరి శ్రమకీ బిల్లు ఉంది, కత్తిరించినావిడ శ్రమకి తప్ప. ఆమెకి ఇచ్చినదాన్ని కూలి అనరు, తగ్గింపు అంటారు.

1972లో జార్జ్ వాలసిస్ ఆదివారం పేపర్ మధ్యలో విడిగా పెట్టే రంగుల కూపన్ పుస్తకాన్ని మొదలుపెట్టాడు. సమయం బాగా కుదిరింది. అది ధరలు మండుతున్న దశాబ్దం. 1973 ఏప్రిల్‌లో మాంసం ధరల మీద ఇల్లాళ్లు దేశమంతటా కొనుగోళ్లు మానేసి నిరసన తెలిపారు. కూపన్లు కత్తిరించడం ఒక తరానికి ఆదివారం అలవాటైంది. షాపులు పోటీపడి కూపన్ విలువని రెట్టింపు చేశాయి. యాభై సెంట్లది తెస్తే డాలరు తగ్గించేవి.

1974 జూన్ 26న ఒహాయోలోని ట్రాయ్ అనే ఊళ్లో, మార్ష్ సూపర్ మార్కెట్‌లో మొదటి బార్‌కోడ్ స్కాన్ చేశారు. రిగ్లీ చూయింగ్ గమ్ ప్యాకెట్, 67 సెంట్లు. తర్వాత కూపన్ల మీదా గీతలు వచ్చాయి. కోడు రాసేవాళ్లకి ఈ డిజైన్ సరదాగా ఉంటుంది. మొదటి అంకె 5 అయితే ఇది కూపన్ అని గుర్తు. తర్వాత ఐదంకెలు కంపెనీ, మూడంకెలు వస్తువుల కుటుంబం, రెండంకెలు తగ్గింపు విలువ, చివరిది సరిచూసుకునే అంకె. కుటుంబానికి మూడే అంకెలు ఇవ్వడంతో స్కానర్‌కి పెద్ద సైజుకీ చిన్న సైజుకీ తేడా తెలియకపోయేది. పెద్ద డబ్బా కూపన్‌ని చిన్న డబ్బాకి వాడుకునే తెలివి జనంలో పాకింది. 2011 ప్రాంతానికి ఎక్కువ సమాచారం పట్టే కొత్త బార్‌కోడ్‌కి మారడానికి ఇలాంటివీ కారణం.

అసలు ప్రశ్న అలాగే ఉంది. ధర తగ్గించాలనుకుంటే నేరుగా తగ్గించొచ్చుగా, ఈ కత్తెర, ఈ మూటలు, ఈ మెక్సికో దేనికి? 1984లో చక్రవర్తి నరసింహన్ అనే ఆచార్యుడు ‘మార్కెటింగ్ సైన్స్’ పత్రికలో దీనికి జవాబు రాశాడు. కూపన్ పని ధర తగ్గించడం కాదు, కొనేవాళ్లని రెండు గుంపులుగా విడదీయడం. ధర పెరిగితే కొనడం మానేసేవాళ్లు ఒక గుంపు, ఎంతైనా కొనేవాళ్లు ఇంకోటి. మొదటి గుంపుకే తగ్గించాలి. కానీ ఎవరు ఏ గుంపో కంపెనీకి తెలియదు, అడిగితే అందరూ మొదటి గుంపే అంటారు. అందుకని కష్టం పెట్టాలి. ఆ కష్టానికి ఒప్పుకున్నవాళ్లే ధర పట్టించుకునేవాళ్లు అని తేలిపోతుంది. అంటే కత్తెర అనవసరమైన అడ్డంకి కాదు. కత్తెర తీసేస్తే కూపన్ అనేదే లేదు.

1992లో అమెరికా కంపెనీలు సుమారు 31 వేల కోట్ల కూపన్లు పంచితే, జనం వాడినవి 800 కోట్ల లోపే. నూటికి రెండో మూడో. ఇంత వృథా ఏమిటని అనిపిస్తుంది గానీ, వడపోత అంటేనే ఎక్కువ భాగం పైన మిగిలిపోవడం.

1996, న్యూయార్క్ ఉత్తరాన

ఈ వృథా మీద విసుగొచ్చి ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఒక ప్రయోగం చేసింది. 1996 జనవరి నుంచి న్యూయార్క్ రాష్ట్రంలో బఫలో, రాచెస్టర్, సిరక్యూజ్ నగరాల చుట్టుపక్కల కూపన్లు ఆపేసింది. ఆ డబ్బుతో రోజువారీ ధరలు తగ్గిస్తామంది. ఇంకొన్ని కంపెనీలు కూడా అక్కడ కూపన్లు తగ్గించుకున్నాయి. కాగితం మీద చూస్తే అందరికీ లాభమే. ఏ అండ్ పీ 1912లో చేసిందే ఇది.

జనం తిరగబడ్డారు. సంతకాలు సేకరించారు, ఆ కంపెనీ సరుకులు కొనం అన్నారు, బహిరంగ విచారణలు జరిగాయి. కంపెనీలన్నీ కూడబలుక్కుని ఆపాయేమోనని రాష్ట్ర అటార్నీ జనరల్ దర్యాప్తు మొదలుపెట్టాడు. 1997 ఏప్రిల్‌లో ప్రయోగం ఆగిపోయింది. ఆ సెప్టెంబర్‌లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, మరికొన్ని కంపెనీలు, ఒక సూపర్ మార్కెట్ గొలుసు కలిసి 42 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. ఎలా అనుకున్నారు? కూపన్ల రూపంలోనే.

దీన్ని జనం తెలివితక్కువతనంగా చెప్పేవాళ్లున్నారు. తక్కువ ధర ఇస్తానంటే వద్దంటారా అని. 2012లో జేసీ పెన్నీ అనే బట్టల దుకాణాల సంస్థ కూపన్లు తీసేసి, ఆ ఏడాది అమ్మకాల్లో నాలుగో వంతు పోగొట్టుకున్నప్పుడూ ఇదే మాట అన్నారు. నాకలా అనిపించదు. కష్టపడినవాళ్లకి యాభై సెంట్లు తగ్గే చోట, ఇప్పుడు అందరికీ పది సెంట్లు తగ్గుతుంది అనుకుందాం. కత్తెర పట్టనివాళ్లకి పది సెంట్లు లాభం. కత్తిరించే ఇంటికి నలభై సెంట్లు నష్టం. బఫలో, సిరక్యూజ్ అప్పటికి ఫ్యాక్టరీలు మూతపడుతూ జనం ఖాళీ అవుతున్న ఊళ్లు. అక్కడ చేతిలో సమయం ఉంది, డబ్బు లేదు. ఉన్న ఒక్కదాన్ని మార్చుకునే చోటు మూసేస్తే కోపం రాదా?

సమయానికి రేటు ఎంత

ఒక చిన్న లెక్క. వారానికి రెండు గంటలు పెట్టి ఇరవై డాలర్లు మిగిల్చే ఇల్లు ఉందనుకుందాం. గంటకి పది. అమెరికా కేంద్ర ప్రభుత్వ కనీస వేతనం 2009 నుంచి గంటకి 7.25 డాలర్లు. పైగా మిగిలిన డబ్బు మీద పన్ను లేదు, పిల్లల్ని ఎక్కడో వదలక్కర్లేదు. కత్తెర పని అంత చెడ్డ ఉద్యోగం కాదు.

తెలుగువాళ్ల ఇళ్లలో ఈ లెక్క ఇంకో రకంగా ఉండేది. హెచ్-1 వీసా మీద వెళ్లినవాళ్ల భార్యలకి హెచ్-4. 2015 మే దాకా వాళ్లెవరూ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఆ తర్వాత కూడా గ్రీన్ కార్డు దారిలో కొంత దూరం వెళ్లిన ఇళ్లకే ఆ అనుమతి. ఇంజనీరింగ్, ఎంసీఏ చదివిన ఆడవాళ్లు. చట్టం వాళ్ల గంటకి సున్నా రేటు కట్టింది. అలాంటి ఇళ్లు నాకు తెలుసు. ఏ వారం ఏ షాపులో పాలు చవకో, ఏ డైపర్ల కూపన్ దేనితో కలిపి వాడొచ్చో ఎక్సెల్ షీట్లో రాసి పెట్టేవాళ్లు. చుట్టాలు దాన్ని పిసినారితనం అని నవ్వేవాళ్లు. ఒక చదువుకున్న బుర్రకి దొరికిన ఒకే ఒక్క లెక్కల పని అది అని ఎవరూ అనలేదు. ఆ షీట్లు నేను చూశాను. మా టీంలో కొందరు రాసే వాటికన్నా శుభ్రంగా ఉండేవి.

గాదె, గరాజ్

కూపన్ వాడకంలో రెండో సగం నిల్వ. 2010 చివర్లో అమెరికాలో టీఎల్‌సీ ఛానెల్ ‘ఎక్స్‌ట్రీమ్ కూపనింగ్’ అనే కార్యక్రమం చూపించింది. మరుసటి ఏడాది అది సీరియల్ అయింది. వందల డాలర్ల సరుకు బండ్లలో నింపి పిడికెడు చిల్లరతో బయటపడేవాళ్లు, గరాజ్ నిండా టూత్‌పేస్టులు, మంచం కింద పాస్తా డబ్బాలు. చూడటానికి బాగుంటుంది. ఆ సందడి తర్వాత చాలా షాపులు రెట్టింపు కూపన్ల నియమాలు బిగించాయి. వడపోత జల్లెడకి పెద్ద చిల్లు పడితే ఎవరైనా అంతే చేస్తారు.

నిల్వ వెనక సరైన తర్కం ఉంది. ఒకే సరుకు కొన్ని వారాలకోసారి బాగా చవకవుతుంది. మళ్లీ చవకయ్యేదాకా సరిపడా అప్పుడే కొనాలి. అంతకన్నా ఎక్కువ కొంటే అది పొదుపు కాదు, గోదాము అద్దె లేకుండా కంపెనీ సరుకు మన ఇంట్లో దాచిపెట్టడం. 1990 నుంచి 1996 దాకా మెయిన్ రాష్ట్రం నుంచి ‘టైట్‌వాడ్ గెజిట్’ అనే పొదుపు పత్రిక నడిపిన అమీ డసిజిన్ చెప్పిన ఉపాయం చాలా సాదాది. ఒక నోటు పుస్తకంలో ఇంట్లో వాడే సరుకుల ధరలు షాపుల వారీగా రాసుకోవడం. ఏ ధర నిజంగా చవకో ఆ పుస్తకమే చెప్తుంది. కూపన్లంటే ఆవిడకి పెద్ద నమ్మకం లేదు. కారణం అర్థమయ్యేదే. కూపన్లు వచ్చేది ఎక్కువగా బ్రాండున్న డబ్బా తిండికి. బీన్స్ గింజలకీ, క్యాబేజీకీ కూపన్ ఎవరిస్తారు?

మన ఇళ్లలోనూ ఏడాది సరుకుల అలవాటు ఉండేది. ఎండాకాలంలో కొత్త చింతపండు, ఎండుమిరపకాయలు, పసుపు. ఆముదం పట్టించిన కందిపప్పు, జాడీల్లో ఆవకాయ, గాదెలో ధాన్యం. అదీ చవకైనప్పుడు కొని దాచడమే. కాకపోతే ఆ చవక వచ్చేది పంట నుంచి. క్యాలెండర్ పొలానిది. కూపన్ నిల్వకి క్యాలెండర్ కంపెనీ ప్రకటనల విభాగానిది. మొదటిదాంట్లో ఎప్పుడు కొనాలో ఇంటి పెద్దావిడకి తెలుసు. రెండోదాంట్లో ఎవరో చెప్పాలి.

ఈ రెండు అలవాట్లూ ఒకసారి ఢీకొన్నాయి. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి నిషేధించింది. ఒకటి రెండు రోజుల్లో అమెరికాలో ఇండియన్ షాపుల ముందు బండ్లు బారులు తీరాయి. సోనామసూరి బస్తాల కోసం తోపులాటలు, పెరిగిన రేట్లు, కుటుంబానికి ఒకటే బస్తా అని బోర్డులు. కూపన్లు, డీల్స్ లెక్కలో ఆరితేరినవాళ్లే ఆ లైన్లలో ఉన్నారు. 1943లో డబ్బాలు లెక్కపెట్టిన గుమాస్తా అక్కడ ఉంటే స్టాంపులు చింపేసేవాడు. అప్పుడు దాచుకున్నది చవకైనందుకు కాదు, దొరకదేమోనన్న భయానికి. అరలో పదో బస్తా పెట్టిన ఇల్లు ఉంటే, అసలు బస్తా దొరకని ఇల్లు కూడా ఉంటుంది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో నిషేధం ఎత్తేశారు.

కత్తెర మాయమైంది

ఇప్పుడు కాగితం పోతోంది. షాపు యాప్‌లో నొక్కితే కూపన్ కార్డుకి ఎక్కుతుంది. సులువైంది కదా, అందరికీ అందుతుంది కదా అనిపిస్తుంది. జరిగింది అది కాదు. స్మార్ట్‌ఫోన్, ఇంటర్నెట్ లేని ముసలివాళ్లకీ పేదవాళ్లకీ అరమీద రాసిన తగ్గింపు ధర కూడా అందకుండా పోయింది. 2025లో శాన్ డియేగో నగరం, యాప్‌లో ఇచ్చే తగ్గింపుల్ని కాగితం మీద కూడా ఇవ్వాలని నియమం చేయాల్సి వచ్చింది.

నేను కొన్నాళ్లు ఇలాంటి ప్రమోషన్ల సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాను. కాగితం కాలంలో కంపెనీకి మనమెవరో తెలియదు. అందుకే కష్టం పెట్టి కనుక్కునేది. ఇప్పుడు ఎప్పుడు కొంటామో, ఎంతకి వెనక్కి తగ్గుతామో ముందే తెలుసు. కష్టం పెట్టక్కర్లేదు. హైదరాబాద్‌లో ఒకే గదిలో ఇద్దరు స్నేహితులు ఒకే యాప్ తెరిస్తే, నెల రోజులుగా ఏమీ కొననివాడికి వంద రూపాయల కూపన్, రోజూ కొనేవాడికి ఏమీ లేదు. బేరం మళ్లీ మొదటికొచ్చింది, మొహం చూసి రేటు చెప్పే దగ్గరికి. తేడా ఏమిటంటే ఈసారి మొహం మనదొక్కటే కనిపిస్తోంది, శెట్టిగారిది కనిపించట్లేదు.

కాగితం కూపన్ గొప్పదని అనను. ఇంటి ఆడవాళ్ల గంటల్ని కారుచవకగా కొన్న సాధనం అది. కానీ ఒక నిజాయితీ ఉండేది దాంట్లో. ఎవరు కత్తిరించినా అదే విలువ, ఎదురింటివాళ్లకీ అదే, షరతులన్నీ చీమంత అక్షరాల్లోనైనా అక్కడే. పక్కింటావిడకి అక్కర్లేనిది మనకి ఇచ్చేది, మనకి అక్కర్లేనిది ఆవిడకి ఇచ్చేవాళ్లం. ఫోన్లో వచ్చే ‘మీ కోసం ప్రత్యేకం’ కోడుని ఎవరికీ ఇవ్వలేం. పేరు మీద వస్తుంది, గంటలో పోతుంది. దాని మీద నగదు విలువ ఎంతో ఎక్కడా రాసి ఉండదు.

కాబట్టి డసిజిన్ నోటు పుస్తకం ఇప్పటికీ పనికొస్తుంది. బియ్యం, పప్పు, నూనె, సబ్బు. ఇంట్లో నిజంగా వాడే పదిహేను ఇరవై సరుకులు, కిలోకి ఎంత, లీటర్‌కి ఎంత, ఏ తేదీన. రెండు నెలలు రాస్తే చాలు. ఆ పుస్తకంలో అంకెలు అవతలివాళ్లు మన గురించి రాసుకున్నవి కావు, మనం వాళ్ల గురించి రాసుకున్నవి.